ప్రెషర్ వాషర్‌కి ఇసుక గొట్టం తగిలించి గేటు తుప్పు తీద్దామనుకున్నా, నీళ్ళే వస్తున్నాయి, ఇసుక రావట్లేదు

సింగ్‌నగర్_శీను
2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇంట్లోకి వచ్చినప్పుడు గేటు సగం వరకు రోజుల తరబడి నీళ్ళలోనే ఉంది. తర్వాత ఇల్లు కడుక్కున్నాం, గోడలకు రంగులేయించాం, గేటు సంగతి మాత్రం చూద్దాంలే అని వదిలేశాం. ఇప్పుడు నీళ్ళు నిలిచిన గీత దాకా పెచ్చులు లేచిపోయింది. మా తాతయ్య కొలిమి దగ్గర రోజంతా నిలబడి చేయించుకున్న గేటు అది. మధ్యలో రెండు నెమళ్ళు, చుట్టూ తీగలు. నలభై ఏళ్ళుగా సంక్రాంతికో పూత పడుతూనే ఉంది, ఎన్ని పొరలున్నాయో తెలియదు.

గ్రైండర్‌కి వైర్ కప్పు పెట్టి చూశా. పట్టీల మీద పోతోంది, తీగల సందుల్లోకి వెళ్ళట్లేదు. ఉప్పు కాగితంతో రుద్దితే మా పిల్లల పెళ్ళిళ్ళ దాకా రుద్దాలి. అందుకే కారు కడిగే ప్రెషర్ వాషర్‌కి తగిలించే తడి శాండ్ బ్లాస్టింగ్ కిట్, అంటే నీళ్ళతోపాటు ఇసుక చిమ్మి తుప్పు ఊడగొట్టేది, ఆన్‌లైన్‌లో తెప్పించా. గన్ను, సన్న గొట్టం, ఇసుకలో గుచ్చే స్టీలు పైపు, ఒక కళ్ళద్దాల జత వచ్చాయి. మొదటి పది సెకన్లు బ్రహ్మాండంగా వచ్చింది, నెమలి మెడ దగ్గర తెల్లటి ఇనుము కనపడింది. అంతే, ఆ తర్వాత వట్టి నీళ్ళు. గొట్టం విప్పితే లోపల ఇసుక ముద్దకట్టి ఉంది. నాలుగుసార్లు ఊడదీసి కడిగా, నాలుగుసార్లూ అదే కథ. ఎవరైనా దీంతో పని చేశారా? లేక డబ్బులు పోగొట్టుకున్నానా?

ఆటోనగర్_వెల్డర్
మెషిన్ ఎన్ని లీటర్లది? ఇసుక ఎక్కడ తెచ్చారు?

సింగ్‌నగర్_శీను
1,800 వాట్లు. డబ్బా మీద ప్రెషర్ 140 బార్ అని, నిమిషానికి 6.5 లీటర్లు అని ఉంది. ఇసుక మా వీధిలో ఇల్లు కడుతున్నవాళ్ళ కుప్పలోంచి రెండు బక్కెట్లు అడిగి తెచ్చా. పైకి ఎండినట్టే ఉంది.

ఆటోనగర్_వెల్డర్
పైకి ఎండినట్టు ఉంటే చాలదు సార్. కుప్పలో జానెడు లోపల చెయ్యి పెట్టి చూడండి, చల్లగా తగులుతుంది. ఆ చల్లదనం చాలు గొట్టం మూసుకుపోవడానికి. గుప్పెట్లో పిసికి వదిలితే పంచదారలా జారిపోవాలి, ముద్ద నిలబడకూడదు. టార్పాలిన్ మీద పల్చగా పరిచి రెండు రోజులు ఎర్రటి ఎండలో ఉంచండి. తర్వాత దోమల మెష్‌తో జల్లించండి. గులకరాయి ముక్క ఒక్కటి పోయినా నాజిల్లో కూర్చుంటుంది.

గుంటూరు_ఘాటు
విజయవాడ ఎండకి రెండు రోజులెందుకు, ఒక్క పూట చాలు. మా వైపు మిరపకాయలు కళ్ళంలో ఎండబెట్టినట్టు మధ్యలో ఒకసారి కలదిప్పండి, అడుగుది పైకి రావాలి.

యెజ్డీ_ప్రాణం
నేను ఈ కిట్‌తోనే నా యెజ్డీ రోడ్‌కింగ్ బండి ఛాసిస్ తుప్పు మొత్తం తీశాను. పోగొట్టుకోలేదు, కంగారుపడకండి. ఇసుక తడి ఒక్కటే కాదు, మీరు ఆన్ ఆఫ్ చేసే వరస కూడా తప్పయి ఉంటుంది.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం సమస్య పోతుంది. మన చిన్నప్పుడు దోమలకి ఫ్లిట్ కొట్టేవాళ్ళు గుర్తుందా? గాలి సన్నటి రంధ్రంలోంచి వేగంగా పోతుంటే కింద డబ్బాలోని మందు దానంతటదే పైకి లేచి వచ్చేది. ఇక్కడ గాలి బదులు నీళ్ళు. గన్ను తలకాయలో సన్నటి ధార దూసుకుపోయేటప్పుడు పక్క గొట్టంలోంచి గాలిని లాగుతుంది, ఆ గాలి ఇసుకని మోసుకొస్తుంది. గుర్తుంచుకోండి, గొట్టంలో ఇసుకని మోసేది నీరు కాదు, గాలి. ఆ గొట్టంలోకి ఒక్క చెంచా నీళ్ళు వెనక్కి వచ్చినా బురద, బురద అయితే ముద్ద.

నీళ్ళు వెనక్కి ఎప్పుడొస్తాయంటే మీరు ట్రిగ్గర్ వదిలినప్పుడు. పైపు ఇంకా ఇసుకలోనే ఉంటే లాగడం ఆగిపోయి గన్నులో మిగిలిన నీళ్ళు గొట్టంలోకి జారతాయి. అందుకని ముందు ట్రిగ్గర్ నొక్కాలి, ధార నిలకడగా వచ్చాక పైపు ఇసుకలో గుచ్చాలి. ఆపాలంటే ముందు పైపు బయటకి తీయాలి, గొట్టంలో గలగల ఆగిపోయి వట్టి గాలి చప్పుడు వచ్చేదాకా పది సెకన్లు ఆగి, అప్పుడు ట్రిగ్గర్ వదలాలి. ఫోను మోగినా సరే, కరెంటు పోతే తప్ప ఈ వరస తప్పకూడదు.

పటమట_పద్మ
కరెంటు పోతే?

యెజ్డీ_ప్రాణం
గొట్టం కడిగి, ఎండబెట్టి, మళ్ళీ మొదటి నుంచి. నాకు రెండుసార్లు అయింది. అందుకే అదనంగా ఇంకో గొట్టం కొని పక్కన పెట్టుకున్నా.

సింగ్‌నగర్_శీను
నేను సరిగ్గా తిరగేసి చేస్తున్నా! పైపు ఇసుకలో గుచ్చి ఉంచి ట్రిగ్గర్ నొక్కుతూ వదులుతూ ఉన్నా. రేపు ఇసుక ఎండబెట్టి మళ్ళీ మొదలెడతా.

కొలతల_బాబాయ్
ఆగండి, ఇసుక కన్నా ముందు నాజిల్ చూడండి. గన్ను విప్పితే లోపల నీళ్ళొచ్చే చిన్న స్టీలు నాజిల్ ఉంటుంది, దాని మీద నంబరు కొట్టి ఉంటుంది. ఈ కిట్లు చాలావరకు పెద్ద మెషిన్ల కోసం చేసినవి, 045 నంబరో ఇంకా పెద్దదో పెట్టి పంపుతారు. మీ 6.5 లీటర్ల మెషిన్‌కి 03 దగ్గర ఉండాలి. 03 నాజిల్‌తో 100 బార్ వచ్చే మెషిన్‌కి 045 పెడితే అదే నీళ్ళకి ప్రెషర్ దాదాపు 45 బార్‌కి పడిపోతుంది. రంధ్రం వైశాల్యం పెరిగిన కొద్దీ ప్రెషర్ దాని వర్గం లెక్కన తగ్గుతుంది. ఇక డబ్బా మీద రాసిన 140 బార్ గరిష్ఠం, పని చేసేటప్పుడు నిలిచేది అంతకన్నా తక్కువే.

పరీక్ష తేలిక. ఇసుక గొట్టం చివర గాల్లో ఉంచి ట్రిగ్గర్ నొక్కి, ఆ చివర బొటనవేలితో మూయండి. వేలు గట్టిగా లోపలికి లాగినట్టుండాలి. లాగకపోతే ఎంత ఎండిన ఇసుక పెట్టినా లాభం లేదు. దయచేసి గన్ను ముందు చివర మాత్రం వేలు పెట్టొద్దు, ఆ ధార చర్మాన్ని కోసుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనపడినా అది నేరుగా ఆసుపత్రికి పరిగెత్తాల్సిన గాయం.

సింగ్‌నగర్_శీను
విప్పి చూశా. 045. బాబాయ్ మీకు దణ్ణం.

ఆటోనగర్_వెల్డర్
నేను నాజిల్ సంగతి ఆలోచించలేదు, బాబాయ్ చెప్పింది కరెక్టు. ఇంకోటి, గన్నుకి గొట్టం కలిసేచోట క్లిప్పు బిగించారా? అక్కడ గాలి లాగితే ఇసుక దాకా ఊపు చేరదు.

కృష్ణలంక_కుర్రోడు
మా వాషర్‌కి ఈ కిట్టు మర (థ్రెడ్డు) సరిగ్గా పట్టట్లేదు. తిరుగుతుంది, బిగుస్తుంది, కానీ కారుతుంది.

కొలతల_బాబాయ్
ఎం22 మర అయి ఉంటుంది. బయటి మర ఒకటే, లోపలి పిన్ను మాత్రం 14 మిల్లీమీటర్లది, 15 మిల్లీమీటర్లది అని రెండు రకాలు. ఒకదానిలో ఇంకోటి బిగుస్తుంది కానీ కారుతుంది. వెర్నియర్ పెట్టి కొలిచి దానికి తగ్గ అడాప్టర్ తెచ్చుకోండి. టేపు చుట్టినంత మాత్రాన ఆ ప్రెషర్ ఆగదు.

గుంటూరు_ఘాటు
మా దగ్గర మిర్చి తోటకి మందు కొట్టే హెచ్‌టీపీ స్ప్రేయర్ ఉంది, ఇంజన్‌ది. నిమిషానికి ఇరవై లీటర్ల పైనే తోడుతుంది. ట్రాక్టర్ ట్రక్కు తుప్పు తీయడానికి దానికి ఈ గన్ను పెట్టొచ్చా? నీళ్ళు దండిగా వస్తాయి కదా.

యెజ్డీ_ప్రాణం
నీళ్ళు దండిగా వస్తాయి, ఊపు ఉండదు. ఆ పంపులు ముప్పై నలభై బార్ దగ్గర తిరిగేవి. ఇసుక లాగితే లాగొచ్చు, తగిలినప్పుడు కొరకదు. బురద ఊడుతుంది, తుప్పు ఊడదు.

గుంటూరు_ఘాటు
సరే, ట్రక్కుని ఆటోనగర్‌కే తోలుకుపోతా.

తెనాలి_రంగులు
నేను పదిహేనేళ్ళుగా ఇండస్ట్రియల్ పెయింటింగ్‌లో ఉన్నాను. చెప్పక తప్పదు, ఇంత తిప్పలెందుకు? గేటు ఊడదీసి ఆటోలో వేసుకుని పొడి బ్లాస్టింగ్ చేసే చోటికి తీసుకెళ్ళండి. కంప్రెసర్ మీద ఏడు బార్ గాలితో గ్రిట్, అంటే గరుకు రేణువులు, కొడితే ఒక్క పూటలో గేటు అంతా బూడిదరంగు ఇనుము తేలుతుంది. తడి దానిలా వెంటనే మళ్ళీ తుప్పు రాదు. మా భాషలో ఎస్ఏ రెండున్నర అంటాం, అంటే మరకల నీడలు తప్ప రంగూ తుప్పూ ఏమీ మిగలకూడదు. ఆ 1,800 వాట్ల బొమ్మతో ఆ స్థాయి తేవాలంటే చేతులు పడిపోతాయి.

సింగ్‌నగర్_శీను
గేటు స్తంభాల్లోకి కాంక్రీటు పోసి బిగించారండీ. ఊడదీయాలంటే స్తంభం పగలాలి.

పటమట_పద్మ
తెనాలి గారు చెప్పింది వేగం వరకు నిజమే. పొడి బ్లాస్టింగ్ గురించి నేనొక మాట చెప్పాలి, చాలా రోజుల నుంచి చెప్పాలనుకుంటున్నది.

మా మేనమామ ఇరవై ఏళ్ళు ఒక వర్క్‌షాపులో ఇసుక కొట్టాడు. మొహానికి తువ్వాలు కట్టుకునేవాడు, అంతే. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమ్మలు తెల్లగా ఉండేవి, మేం పిల్లలం నవ్వేవాళ్ళం. నలభై అయిదో ఏట దగ్గు మొదలైంది. టీబీ అని మందులిచ్చారు, ఆరు నెలలు వాడాడు, తగ్గలేదు. ఎక్కడెక్కడో తిరిగితే చివరికి ఒక పెద్ద డాక్టరు, ఏం పని చేసేవాడివి నాయనా అని అడిగాడు. అప్పటిదాకా ఆ ప్రశ్న ఒక్కరూ వేయలేదు. సిలికోసిస్. ఊపిరితిత్తుల్లోకి పోయిన ఇసుక ధూళి మచ్చలు కట్టించేస్తుంది, ఆ మచ్చలు పోవు, ధూళి మానేసినా ముదురుతూనే ఉంటాయి. చివరి రెండేళ్ళు ఆయన మంచం దిగి గుమ్మం దాకా వచ్చేసరికి ఆయాసపడిపోయేవాడు.

మన కార్మిక చట్టాల్లో ఇది తప్పనిసరిగా ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఉంది. బ్రిటన్‌లోనైతే ఇసుకతో బ్లాస్టింగ్‌ని 1949 నిబంధనలతోనే ఆపేశారు. మన దగ్గర ఇంకా తువ్వాలు కట్టుకుని కొడుతున్నారు. శీను గారు తడిగా కొట్టడమే నాకు నచ్చింది. తడి అయినా మాస్కు లేకుండా మాత్రం వద్దు.

సింగ్‌నగర్_శీను
పద్మక్కా, నేను నిన్న మాస్కు లేకుండానే కొట్టా. నీళ్ళే కదా అనుకున్నా. ఇకనుంచి కట్టుకుంటా.

కెమిస్ట్రీ_మాస్టారు
పద్మ గారు చెప్పినదానికి కొంచెం చేరుస్తాను. తడి వల్ల ధూళి చాలా తగ్గుతుంది కానీ సున్నా కాదు. ప్రమాదం చేసేది కంటికి కనపడే రేణువు కాదు, పది మైక్రాన్లకన్నా చిన్నది. అసలు చిక్కు పని అయ్యాక వస్తుంది. కింద పడ్డ ఇసుక ఎండుతుంది, అప్పుడు చీపురు పట్టి ఊడుస్తారు. పగిలి మెత్తబడిన రేణువులు అప్పుడు గాల్లోకి లేస్తాయి. తడిగా ఉండగానే పారతో ఎత్తి గోతాంలో వేయండి, చీపురు వద్దు. తువ్వాలు, సర్జికల్ మాస్కు పనికిరావు, కనీసం ఎన్95, వీలైతే ఫిల్టర్ డబ్బాలుండే సగం ముఖం మాస్కు.

వీలుంటే నది ఇసుక మానేసి గార్నెట్ వాడండి. ఎర్రగా మెరిసే బరువైన ఇసుక, మన శ్రీకాకుళం, విశాఖ తీరంలోనూ దొరికే ఖనిజమే. సిలికోసిస్ తెచ్చే విడి సిలికా దానిలో చాలా తక్కువ. పైగా నది ఇసుక నీళ్ళలో దొర్లి దొర్లి గుండ్రబడి ఉంటుంది, గార్నెట్‌కి అంచులుంటాయి, త్వరగా కోస్తుంది.

ఆటోనగర్_వెల్డర్
మాస్టారూ, గార్నెట్ మంచిదే, కాదనను. కృష్ణ ఇసుక బక్కెట్టు ఊరికే వచ్చింది, గార్నెట్ బస్తాకి డబ్బులు పెట్టాలి. ఒక గేటు కోసం అంత అవసరమా? తడిదే కదా కొట్టేది.

పటమట_పద్మ
తమ్ముడూ, ఆ బస్తా డబ్బులు మా మామయ్య మందుల ఖర్చులో ఒక వారానిది కూడా కాదు.

ఆటోనగర్_వెల్డర్
క్షమించక్కా. నేను ఆలోచించకుండా అన్నా. మా షాపులో కుర్రాళ్ళు ఇద్దరున్నారు, వాళ్ళకి రేపే మంచి మాస్కులు తెస్తా.

యెజ్డీ_ప్రాణం
నేను రెండూ వాడి చూశాను. గార్నెట్ 30/60 మెష్ (రేణువు సైజు) తెచ్చాను. నది ఇసుక రెండు బక్కెట్లు పట్టినచోట గార్నెట్ ఒకటిన్నర పట్టింది. టార్పాలిన్ మీద పడ్డది కడిగి, ఎండబెట్టి, జల్లించి రెండోసారి కూడా వాడుకోవచ్చు. అలా చూస్తే తేడా పెద్దగా లేదు.

బ్రాడీపేట_నాలుగో_లైను
వంటసోడాతో కూడా కొడతారని విన్నాను. మా టేకు తలుపు మీద పాత ఎనామెల్ ఉంది, దానికి ఈ గన్ను వాడొచ్చా?

యెజ్డీ_ప్రాణం
టేకుకి దీన్ని దగ్గరకి కూడా తీసుకురావద్దు. మెత్తటి గీతలు తినేసి గట్టి గీతలు లేచి నిలబడతాయి, తలుపు అంతా గరుకుగా తయారవుతుంది. రిమూవర్ పూసి గీకండి. సోడా మెత్తన, రంగు తీస్తుంది కానీ తుప్పుని కదిలించదు. అల్యూమినియం కార్బ్యురేటర్ బాడీలకి బాగుంటుంది.

కెమిస్ట్రీ_మాస్టారు
శీను గారూ, రంగు సంగతి ఒకటి మర్చిపోయాం. నలభై ఏళ్ళ పొరలన్నారు. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నిబంధన 2016లో వచ్చింది, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు ఎనామెల్స్‌లో, ముఖ్యంగా పసుపు, ఆకుపచ్చ, ఎరుపు రంగుల్లో సీసం ఎక్కువ ఉండేది. మీ నెమళ్ళు ఏ రంగు?

సింగ్‌నగర్_శీను
ఆకుపచ్చ. కింద పసుపు కనపడుతోంది, దాని కింద ఎర్రటిది.

కెమిస్ట్రీ_మాస్టారు
అయితే సీసం ఉందనే అనుకుని పని చేయండి. గేటు కింద, రెండు వైపులా టార్పాలిన్ పరిచి అంచులు ఇటుకలతో లేపండి, నీళ్ళు అందులోనే నిలవాలి. రాత్రంతా వదిలేస్తే ఇసుకా రంగూ అడుక్కి చేరతాయి. ఆ మడ్డి గోతాంలో కట్టి పక్కన పెట్టండి, మొక్కల్లో పోయొద్దు, సిమెంటులో కలపొద్దు. వీధి కాలవలోకి వదిలితే అది మళ్ళీ బుడమేరులోకే పోతుంది. పిల్లల్ని ఆ రోజు అమ్మమ్మగారింటికి పంపించండి. పని బట్టలు విడిగా ఉతకండి.

గుంటూరు_ఘాటు
గేటు తుప్పు అనుకుని మొదలెడితే ఇంత చదువుందా దీంట్లో! చదువుతూనే ఉన్నా, ఆపకండి.

సింగ్‌నగర్_శీను
అప్‌డేట్. 03 నాజిల్ దొరికింది. గార్నెట్ ఒక బస్తా, 25 కిలోలు, తెచ్చా. మాస్కు, గంబూట్లు, రెయిన్ కోటు. మెషిన్ ప్లగ్గుకి ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) పెట్టించా, నీళ్ళలో నిలబడి చేసే పని కదా. యెజ్డీ గారు చెప్పిన వరసలో చేశా. మూడు గంటల్లో ఒక్కసారి కూడా ఆగలేదు! ఒక్కో నెమలి ఈక విడిగా కనపడుతోంది. తాతయ్య ఈకల మీద ఉలితో గీతలు కొట్టించాడని నాకు ఇన్నాళ్ళూ తెలియదు, రంగు కింద పూడిపోయి ఉన్నాయి. మా అమ్మ వచ్చి చేత్తో తడిమి చూసుకుంది.

నాజిల్ జానెడు దూరంలో, కొంచెం ఏటవాలుగా పట్టుకుంటే పొరలు అంచు నుంచి లేచిపోతున్నాయి. నేరుగా కొడితే ఇసుక ఎదురు తిరిగి కళ్ళద్దాలకి తగులుతోంది.

కానీ సాయంత్రం టీ తాగి వచ్చేసరికి గేటంతా నారింజ రంగు. గంటన్నర కూడా కాలేదు! ఏడుపొచ్చింది.

తెనాలి_రంగులు
నేను ముందే చెప్పింది ఇదే. ఫ్లాష్ రస్టు, అంటే ఒలిచిన ఇనుముకి వెంటనే పట్టే తుప్పు. చర్మం ఒలిచిన ఇనుము, దాని మీద నీళ్ళు. మీరు ఏ నీళ్ళతో కొట్టారు?

సింగ్‌నగర్_శీను
బోరు నీళ్ళు.

తెనాలి_రంగులు
ఉప్పగా ఉంటాయా?

సింగ్‌నగర్_శీను
కాస్త.

తెనాలి_రంగులు
అదే కారణం. ఉప్పులో క్లోరైడులు తుప్పుని ఎగదోస్తాయి. మీ గేటు గుంటల్లో వరద నీటి ఉప్పు కూడా దాగి ఉంటుంది. భయపడకండి, పనంతా పోలేదు. ఇది పైపై పొడి, వేలితో రాస్తే వస్తుంది.

కృష్ణలంక_కుర్రోడు
మా ఇంట్లో ఆర్ఓ మెషిన్ వదిలేసే నీళ్ళు బక్కెట్లకొద్దీ ఉంటాయి. ఫిల్టర్ నీళ్ళే కదా, వాటితో కడిగితే?

కెమిస్ట్రీ_మాస్టారు
వద్దు నాయనా. ఆ పైపులోంచి బయటకి వచ్చేది ఉప్పు వేరుచేసి పారేసిన నీరు. మీ బోరు నీళ్ళకన్నా ఇంకా ఉప్పన. మునిసిపల్ పంపు నీళ్ళు, కృష్ణ నీళ్ళు, వాటితోనే ఆఖరి కడుగు కడగండి.

కడిగిన వెంటనే గాలి కొట్టి ఆరబెట్టాలి, ముఖ్యంగా తీగల మడతల్లో. ఇంట్లో చిన్న కంప్రెసర్ లేకపోతే ఆకులు ఊదే బ్లోయర్ చాలు. ఆఖరి నీళ్ళలో బట్టల సోడా చిటికెడు కలిపితే క్షారగుణం వల్ల తుప్పు కాసేపు ఆగుతుంది, కానీ రంగు వేసే ముందు ఆ పొర తుడిచెయ్యాలి.

తెనాలి_రంగులు
సోడా దగ్గర నేను ఒప్పుకోను మాస్టారూ. సందుల్లో ఏ మాత్రం మిగిలినా ఏడాది తిరగకుండా ప్రైమర్ బొబ్బలు లేస్తుంది. నేను చూశాను. కొట్టిన భాగం కొట్టినట్టు ఆరబెట్టి, స్కాచ్‌బ్రైట్‌తో ఆ నారింజ పొడి రుద్ది, థిన్నర్ గుడ్డతో తుడిచి, గంటలోపు ప్రైమర్ పడాలి. గేటు మొత్తం ఒకేసారి కొట్టకండి. ఒక పూటకి ఒక తలుపు, దాని ప్రైమర్ అయ్యాకే రెండోది.

కెమిస్ట్రీ_మాస్టారు
మీ అనుభవం ముందు నా బీకరు తక్కువే. తీగలు, మడతలు ఉన్న గేటుకి సోడా వద్దన్న మాట ఒప్పుకుంటాను. చదును రేకుకైతే వాడొచ్చంటాను.

ఆటోనగర్_వెల్డర్
ప్రైమర్ ఏది? మేమైతే రెడాక్సైడ్ కొట్టేస్తాం.

తెనాలి_రంగులు
మామూలు రెడాక్సైడ్ తక్కువ ఖర్చు, తొందరగా ఆరుతుంది. ఇంత కష్టపడి ఒలిచిన గేటుకి మాత్రం రెండు డబ్బాల ఎపాక్సీ జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ వేయండి. బేసు, హార్డ్‌నర్ కలిపాక ఎండాకాలంలో త్వరగా గట్టిపడుతుంది, కొంచెం కొంచెమే కలుపుకోండి. పసుపు రంగు జింక్ క్రోమేట్ ఎవరైనా అంటగడితే తీసుకోవద్దు, అందులో క్రోమియం విషం. గాల్లో తేమ 85 శాతం దాటితే ఆ రోజు డబ్బా తెరవొద్దు, వాన పడి వెలిసిన సాయంత్రం అసలే వద్దు. ఇనుము మీద కనపడని మంచు పట్టి ఉంటుంది.

యెజ్డీ_ప్రాణం
బండ్లవాళ్ళు చదువుతుంటే ఒక మాట. ఛాసిస్ నంబరు మీద మందపాటి టేపు మూడు పొరలు వేసి, పైన రబ్బరు ముక్క కట్టండి. గన్ను పక్కకి జరిగి ఆ అంకెలు అరిగితే ఆర్‌టీవో దగ్గర మీ బండి మీదని నిరూపించుకోవడం చాలా కష్టం. బేరింగులున్న చోట గుడ్డ కుక్కి మూయండి. ఇంజను విప్పకుండా ఛాసిస్ మీద కొట్టే ఆలోచనే వద్దు, ఒక్క రేణువు లోపలికి పోయినా సిలిండర్ గీసుకుపోతుంది.

బ్రాడీపేట_నాలుగో_లైను
చిన్న చిన్న వాటికి? మా అమ్మమ్మ అట్లపెనం, గడియలు, బోల్టులు?

కెమిస్ట్రీ_మాస్టారు
వాటికి ఇసుకెందుకు, కిరాణా కొట్లో నిమ్మ ఉప్పు తెచ్చి నీళ్ళలో కలిపి రాత్రంతా నానబెట్టండి. పొద్దున బ్రష్షుతో రుద్ది, కడిగి, ఆరబెట్టి, పెనానికి వెంటనే నూనె రాసి కాల్చండి.

పటమట_పద్మ
శీను, ఏమైంది? వారం అయింది.

సింగ్‌నగర్_శీను
పనిలో పడి రాలేదక్కా. ఎడమ తలుపు అయిపోయింది, ప్రైమర్ కూడా పడింది, మీరందరూ చెప్పినట్టే. కుడి తలుపు దగ్గర ఆగిపోయా. కింది అడ్డు పైపు మీద గన్ను పెట్టగానే రంగుతోపాటు ఇనుము కూడా ఊడి వచ్చింది. మూరెడు పొడుగున పైపు లోపలి నుంచి తినేసి ఉంది. బయటికి రంగే దాన్ని నిలబెట్టింది. లోపల వరద ఒండ్రు ఇంకా ఉంది, చిదిమితే నల్లగా వాసనొచ్చింది. కిట్ వల్ల పాడైందని మా ఆవిడ అంటోంది.

ఆటోనగర్_వెల్డర్
కిట్ పాడుచేయలేదు, పాడైంది చూపించింది. వైర్ కప్పుతో రుద్ది పూత వేసుంటే ఇంకో ఏడాదికి ఆ తలుపు వంగిపోయి పిల్లల మీద పడేది. ఆ ముక్క కోసేసి కొత్త పైపు వెల్డింగ్ చేయాలి. ఎడమ తలుపు పైపుని సుత్తితో తట్టి చూడండి, ఖంగుమంటే బాగున్నట్టు, డబ్‌మంటే పోయినట్టు.

సింగ్‌నగర్_శీను
తట్టా. ఖంగుమంది.

ఆటోనగర్_వెల్డర్
ఆదివారం మా షాపు సెలవు. మెషిన్ వేసుకుని నేనే వస్తా. అడ్రసు విడిగా పంపండి. పైపు డబ్బులు ఇవ్వండి చాలు, కూలీ వద్దు. ఆ నెమళ్ళు చూడాలనుంది, అలాంటి కొలిమి పని ఇప్పుడు చేసేవాళ్ళు మా ఆటోనగర్‌లో కూడా కనపడట్లేదు.

తెనాలి_రంగులు
వెల్డింగ్ అయ్యాక కింది పైపులకి అడుగున రెండేసి చిన్న రంధ్రాలు వేయించండి, లోపల చేరిన నీళ్ళు కారిపోవడానికి. పై చివరలు మూతవేసి వెల్డ్ చేయించండి. పెట్టె పైపు గేట్లన్నీ లోపలి నుంచే చస్తాయి.

సింగ్‌నగర్_శీను
అయిపోయింది! వెల్డర్ అన్న ఉదయం ఎనిమిదింటికి వచ్చి రెండింటికి ముగించాడు. మా అమ్మ గోంగూర పచ్చడి, ముద్దపప్పు పెడితే భోజనం చేసి వెళ్ళాడు. వెల్డ్ అతుకు మీద మళ్ళీ గన్ను కొట్టా, స్లాగు (వెల్డింగ్ మీద పేరుకున్న పెంకు) శుభ్రంగా పోయింది. అడుగున రంధ్రాలు వేశాం. సాయంత్రం లోపు ప్రైమర్. రెండు రోజులాగి బూడిదరంగు టాప్ కోటు, నెమళ్ళకి మాత్రం అమ్మ అడిగిన నీలం, ఆకుపచ్చ, ఈసారి సీసం లేని డబ్బా చూసి కొన్నా. మొత్తం మూడు బస్తాల గార్నెట్ పట్టింది, పని అంతా కలిపి పదకొండు రోజులు. మడ్డి రెండు గోతాలు మేడ మీద మూటగట్టి ఉన్నాయి, చెత్త బండిలో మాత్రం వేయను. ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోటు ఎక్కడుందో కనుక్కుంటున్నా.

కృష్ణలంక_కుర్రోడు
అన్నా, కిట్టు ఇక ఖాళీనే కదా, మా బాల్కనీ గ్రిల్లుకి ఇస్తావా?

సింగ్‌నగర్_శీను
తీసుకో తమ్ముడూ. గన్ను చివర ఇసుక బయటకొచ్చే పింగాణీ నాజిల్ అరిగి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది, టంగ్‌స్టన్ కార్బైడ్‌ది ఒకటి కొనుక్కో, ఎక్కువ కాలం వస్తుంది. 03 నాజిల్ సంచీలోనే ఉంది. పద్మక్క చెప్పిన మాస్కు కొన్న ఫొటో పంపిస్తేనే కిట్టు ఇస్తా.